మాట మధ్యలో ఊపిరి

పోయిన వారం మనం తమాకిని వానలో, ఒసాకాలోని సెత్సుకో కాఫీ కొట్టు గుమ్మం ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే తడుస్తోంది. లోపలికి పంపేముందు ఆమె ఎందుకొచ్చిందో ఒక్క ముక్క చెప్పుకుందాం. ఈ వారమే పత్రిక చేతికందినవాళ్లు కూడా ఉంటారు కదా.

కురిమోతో తమాకి కిషివాద ఊరి పిల్ల. తల్లి తువ్వాళ్ల మిల్లులో మగ్గం నడిపిన మనిషి. తమాకికి ఇరవై రెండేళ్లు. ఒసాకా క్లబ్బుల్లో ఐదేళ్లు హెవీ మెటల్ పాడి, గిటార్ల హోరుని గొంతుతో దాటిపోతుందని పేరు తెచ్చుకుంది. టోక్యో రికార్డు కంపెనీ ఒకటి ఆమెని పిలిచి, బ్యాండు కుర్రాళ్లని పక్కన పెట్టి, ఆమె ఒక్కదాని పేరు మీద మొదటి ఆల్బమ్ చేసింది. తొమ్మిది పాటలూ పూర్తయ్యాయి. అచ్చుకి పోయేముందు సరిచూసుకొమ్మని మాదిరి రికార్డు ఒకటి తెల్ల అట్టలో ఆమె చేతికొచ్చింది. తనకి సమ్మతమేనని కాగితం మీద, సంతకానికి బదులు ఇంటి పేరు ముద్ర వేసి ఈరోజు మధ్యాహ్నం మూడింటికల్లా కంపెనీ ఒసాకా ఆఫీసుకి అందించాలి. ఆ కాగితం, ఆ ముద్రా కిషివాదలో తల్లి దగ్గరున్నాయి. ముద్ర పడిందంటే వేల రికార్డులు అచ్చయి దేశమంతా పోతాయి. ఆ తర్వాత నెత్తీ నోరూ కొట్టుకున్నా లాభం లేదు.

చిక్కంతా నాలుగో పాటతోనే వచ్చింది. పేరు 'నిప్పు ఓడ'. కంపెనీలో అందరూ మెచ్చుకుంటున్న పాట అదే. అందులో "తిరిగి రాకు" అని ఒక పెద్ద కేక ఉంది. "తిరిగి"కీ "రాకు"కీ నడుమ ఎవరో ఊపిరి తీసుకున్నారు. తమాకి ఏ కేకనైనా ఒక్క ఊపిరిలో లాగేస్తుంది, మధ్యలో ఆగడం ఆమె ఒంట్లోనే లేదు. మొదటిసారి విన్నప్పుడు ఆ ఊపిరి ఒక్కటే తనది కాదనిపించింది. పన్నెండోసారికి గొంతే తనది కాదనిపించింది. తనది కాకపోతే ఎవరిది? పాట నేర్పడానికి ముందుగా ట్రాక్ పాడిపెట్టిన సెత్సుకోది. ఆ అనుమానంతోనే పొద్దున్నే తన అద్దె గది నుంచి రైలెక్కి వచ్చింది. సరే, ఇక తలుపు తెరుద్దాం.

తలుపుకి కట్టిన గంట మోగింది. తొమ్మిది దాటింది కాబట్టి ఆఫీసుల జనం టిఫిన్లు చేసి వెళ్లిపోయారు. కొట్టులో టాక్సీ తోలే గెంజో తాత ఒక్కడే మిగిలాడు. ఉడికించిన గుడ్డు పెంకు తీస్తూ పేపర్లో బేస్‌బాల్ వార్త చదువుకుంటున్నాడు.

"వచ్చావా తల్లీ! ఈసారి గొడుగు ఏ రైల్లో మర్చిపోయావ్?" అంటూ సెత్సుకో కౌంటరు వెనకనుంచే ఒక తువ్వాలు విసిరింది.

సెత్సుకోకి నలభై ఒకటి. ఒకప్పుడు కిమోనో కట్టుకుని విరహం పాటలు పాడింది. ఆనాటి రికార్డు అట్ట ఒకటి గోడ మీద ఉంది, కాఫీ ఆవిరికి రంగు వెలిసిపోయింది. దాన్ని కొన్నవాళ్లు ఒసాకా మొత్తం మీద పదిమంది ఉంటే గొప్ప అని తనే చెప్పుకుని నవ్వుతుంది. సెత్సుకో అన్న పేరు కూడా అప్పటి కంపెనీ పెట్టిందే. అసలు పేరేమిటని అడిగితే, "పాత బట్టలతో పాటు ఎవరికో ఇచ్చేశాను" అంటుంది.

తమాకి తువ్వాలు అందుకోలేదు. రెయిన్‌కోటు లోపలినుంచి తెల్ల అట్ట తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఇది విన్నావా అక్కా?"

"నాకెవరు వినిపిస్తారే? ట్రాక్ పాడినదానికి రికార్డు పంపుతారా ఎక్కడైనా? వంటమనిషికి శుభలేఖ ఇచ్చినట్టుంటుంది."

"నాలుగో పాట వెయ్యి."

"ముందు కూర్చో. టోస్టు కాలుస్తా, తిను. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో..."

"వెయ్యమన్నానా!"

కప్పులు గలగలమన్నాయి. గెంజో తాత పేపరు దించి చూశాడు. మిల్లు ఊళ్లలో పుట్టినవాళ్లంతా ఇంతే, మరమగ్గాల చప్పుడులో పెరిగినవాళ్లకి గొంతు తగ్గించడం చేతకాదు. తగ్గించక తప్పకపోతే ఏకంగా గొంతు మానేసి పెదాలతో మాట్లాడతారు. తమాకి ఇంట్లో అన్నాల దగ్గర సగం మాటలు అలాగే సాగేవి. పెద్దమనిషి ముందు అరిచినందుకు ఇప్పుడు ఆమెకి సిగ్గేసింది. కోపం మాత్రం తగ్గలేదు. పెదాలు మాత్రమే కదిపి, 'ముసలి నక్క' అనుకుంది.

"నక్కంటే నక్కనే, ఒప్పుకుంటా. ముసలి ఎందుకే మధ్యలో?" అంది సెత్సుకో, అట్టలోంచి రికార్డు తీస్తూ.

తమాకి ఉలిక్కిపడింది. పైకి అనేశానా? అనలేదే! అన్నానేమో. పది రోజులుగా నిద్ర సరిగా లేదు. నోట్లోంచి ఏది బయటికొస్తోందో ఏది లోపలే ఉంటోందో తనకే తెలియడం లేదు. స్టూలు మీద కూర్చుంది.

సెత్సుకో ముల్లుని నాలుగో పాట మీద దించింది. రెండు గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి, డ్రమ్ములు వాటి వెనక పడ్డాయి. ఆ కొట్టులో ఎప్పుడూ మెత్తటి పియానోలే మోగుతాయి కాబట్టి గెంజో తాత గుడ్డు చేతిలో పట్టుకుని అలా ఉండిపోయాడు. తర్వాత గొంతు లేచింది. అంచెలంచెలుగా పైకి పోయి, ఇంక పోవడానికి చోటు లేదనుకున్నప్పుడు, "తిరిగి..." అంది. చిన్న ఊపిరి. "...రాకు!"

సెత్సుకో చెయ్యి కౌంటరు అంచు మీద బిగుసుకుంది. ముల్లు ఎత్తి, వెనక్కి జరిపి, ఆ ముక్క మళ్లీ వింది.

"ఇది నువ్వే," అంది తమాకి.

"నేను కాదు."

"అబద్ధం చెప్పకు."

"ఒసేయ్, ఆ 'రాకు' దగ్గర నేనంత పైకి పోతే మెడ నరాలు తెగి ఈ కాఫీలో పడతాయి. నా వయసు గుర్తుందా నీకు? ఇప్పుడే ముసలి అన్నావుగా!"

"మరి ఊపిరో? నేనక్కడ ఊపిరి తియ్యను. నీ ట్రాకులో నువ్వు తీశావ్. రెండు నెలలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిన్నే విన్నాను, ఆ మాత్రం తెలీదా నాకు? నాది తీసేసి నీది పెట్టాడు ఆ ముకాయి. చెప్పు. నాది అంత బాలేదా?"

తమాకి తువ్వాలు తీసి జుట్టు గట్టిగా రుద్దుకుంది.

సెత్సుకో తుడిచిన కప్పునే తీసి మళ్లీ తుడిచింది. పెట్టిన చోటే పెట్టింది.

"ఊపిరి నాదే," అంది చివరికి. "గొంతు మాత్రం నీది."

"అంటే?"

"అంటే అదే. నీ పాటలన్నీ అయిపోయి నువ్వు ఊరెళ్లావు చూడు, ఆ నాలుగో రోజు ముకాయి ఫోన్ చేశాడు." ముకాయి అంటే ఈ ఆల్బమ్ తయారుచేసిన టోక్యో కంపెనీ మనిషి. "'ఒక చిన్న పనుంది, వస్తారా' అన్నాడు. కోరస్ అయ్యుంటుంది, నాలుగు ముక్కలు పాడొచ్చని ముల్లంగి తేనె తాగి గొంతు సవరించుకుని మరీ వెళ్లాను. మైకు ముందు నిలబెట్టి, 'పాడొద్దండీ, ఊపిరి తీసుకోండి చాలు' అన్నాడు."

"ఊపిరా?"

"ఊపిరే. నవ్వకు తాతా, నీకు కాదు చెబుతున్నది. నలభైసార్లు తీశాను తమా. కళ్లు తిరిగి కుర్చీలో కూలబడ్డాను. ముప్పై ఒకటోది కుదిరిందన్నాడు. దాన్ని తీసుకెళ్లి నీ కేకని రెండుగా కోసి మధ్యలో అతికించాడు. 'ఆ పిల్ల గొంతు ఇనుమండీ, కానీ లోపల ఒక మనిషుందని వినేవాడికి తెలియాలి కదా' అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని చెస్ట్‌నట్ మిఠాయి పెట్టె ఒకటి చేతిలో పెట్టాడు. ఇరవై ఏళ్లు పాడాను. నా గొంతు ఎవడికీ అక్కర్లేకపోయింది. చివరికి ఊపిరి పనికొచ్చింది!"

అని పకపకా నవ్వింది. నవ్వాక ముక్కు చీదుకుంది.

తమాకికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గొంతు తనదేనట. ఆ ముక్క వినడానికే కదా వచ్చింది! మరి గుండె మీది బరువు ఎందుకు దిగలేదు? మళ్లీ ముల్లు వేసి, చెవి స్పీకరుకి ఆనించి వింది. ఆ గొంతులో ఏదో మెలిక ఉంది. కేక ఎత్తుకునేముందు ఒక చిన్న వెనకడుగు వేస్తోంది. తను అలా చెయ్యదు. ఎప్పుడూ చెయ్యలేదు. చేసిందా?

"ఇది నాదైతే నాలా ఎందుకు లేదక్కా?"

"అదా..." సెత్సుకో తల గోక్కుంది. "అది చెబితే నువ్వు ఇంకా కొడతావు నన్ను."

"చెప్పు."

"ట్రాకు ఎవరి కోసం పాడుతున్నామో వాళ్లలాగే పాడాలి, అదీ మా పని. ముసలమ్మ కోసమైతే ముసలమ్మలా, చిన్నపిల్ల కోసమైతే చిన్నపిల్లలా. నువ్వెలా పాడతావో నాకేం తెలుసు? అందుకని నీ క్లబ్బుకి వచ్చాను, మూడుసార్లు. చెవుల్లో దూది పెట్టుకుని, కూరల సంచీ పట్టుకుని, ఆ జులపాల కుర్రాళ్ల మధ్య నిలబడ్డాను. వాళ్లలో ఎవడి తల్లో వాణ్ణి ఇంటికి లాక్కుపోవడానికి వచ్చిందనుకున్నారు పాపం, దారిచ్చి మరీ ముందుకి పంపారు. అక్కడ నిన్ను విని, నీలా పాడాను. ఆ ట్రాకు విని నువ్వు నేర్చుకున్నావు."

తమాకి కాసేపు ఆలోచించింది. వేళ్లు మడిచి మరీ ఆలోచించింది.

"అంటే... నేను నిన్ను చూసి నేర్చుకున్నది, నువ్వు నన్ను చూసి నేర్చుకున్నదా?"

"నేను చూసిన నిన్ను. నా వయసుకి, నా గొంతుకి అందినంత నిన్ను."

"అయితే ఇందులో నేనెక్కడ?"

"నన్నడిగితే?"

"నిన్ను కాకపోతే ఎవర్నడగాలి! నేనెలా పాడతానో నీకే తెలుసంటున్నావుగా!"

గెంజో తాత ఇటు చూశాడు, అటు చూశాడు. "నాకైతే ఏం అర్థం కాలేదమ్మా. ఇంకో కాఫీ పోస్తావా?" అన్నాడు. సెత్సుకో పోసింది.

తమాకికి ఉక్రోషం వచ్చింది. ఇదంతా మాటలతో తేలేది కాదు. పాడి చూస్తే తెలిసిపోతుంది. స్టూలు దిగి కొట్టు మధ్యలో నిలబడింది. కుర్చీలు వెనక్కి జరిపింది. గిటార్లు లేవు, డ్రమ్ములు లేవు, బయట వాన చప్పుడు మాత్రమే ఉంది. కళ్లు మూసుకుని, ఐదేళ్లు పాడినట్టే, కడుపులోంచి లాగింది.

"తిరిగి..."

ఊపిరి తీసుకుంది.

"...రాకు!"

కిటికీ అద్దం జుయ్యిమంది. తమాకి కళ్లు తెరిచింది. తీసుకోకూడదనుకుంది. తీసుకోనని రూఢిగా తెలుసు. తీసుకునేసింది. ఆ ఊపిరి ఆమెని అడగలేదు, దానంతటదే లోపలికి వచ్చేసింది.

"అచ్చం రికార్డులాగే ఉందమ్మా!" అన్నాడు గెంజో తాత, చప్పట్లు కొడుతూ.

"నోర్ముయ్ తాతా," అంది సెత్సుకో మెల్లిగా.

తమాకి అక్కడే ఒక కుర్చీలో కూలబడింది. తనతో ఐదేళ్లు చెమటోడ్చిన కుర్రాళ్లని వదిలి వచ్చింది. స్టేషన్లో వాళ్ల మొహాలు చూడలేక రైలెక్కే దాకా తల వంచుకునే ఉంది. దేనికి? ఒక్కసారి తన గొంతు తన పేరు మీద వినపడాలని. తీరా చూస్తే ఆ గొంతు ఎవరిదో తనకే తెలియని గతి పట్టింది. పాడితే ఇంకొకరి ఊపిరి వస్తోంది. ఇంక ఈ రికార్డు మీద తన బొమ్మ ఎందుకు, పేరెందుకు?

"అసలు అక్కడ ఊపిరేమిటక్కా?" అంది జుట్టు పీక్కుంటూ. "మాటని రెండు చేసి మధ్యలో ఎవరైనా తీస్తారా? ఏ మాస్టారు నేర్పాడు నీకు?"

"ఏ మాస్టారూ నేర్పలేదు."

"మరి?"

"అలవాటు." సెత్సుకో అటు తిరిగి కుళాయి విప్పింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. "చిన్నప్పటి అలవాటు, పోదు. సరే, అవన్నీ ఇప్పుడెందుకు? నా మాట విను. ఇంటికెళ్లి ముద్ర వేసి ఇచ్చెయ్. గొంతు నీదే, నేను చెబుతున్నాగా. ఒక్క ఊపిరి కోసం ఆల్బమ్ ఆపితే వాళ్లు ఇంకో ఆల్బమ్ చెయ్యరు. నాకు తెలుసు. నేనూ ఒకసారి కంపెనీకి ఎదురు చెప్పాను. ఇదిగో, గుడ్లు ఉడకబెడుతున్నాను, తిని వెళ్లు."

ఆ మాటలో నిజముంది. తమాకికీ తెలుసు. మూడు దాటితే ముకాయి ఫోను ఎత్తడు. ఇంకో పిల్ల దొరుకుతుంది, ఇప్పుడు ప్రతి కంపెనీకీ తోలు బట్టల పిల్ల ఒకతె కావాలి. ముద్ర వేస్తే పేరొస్తుంది, కానీ ఆ పేరు వినపడిన ప్రతిసారీ ఆ ఊపిరి గుర్తొస్తుంది. వెయ్యకపోతే మళ్లీ క్లబ్బు. ఆ క్లబ్బులో కుర్రాళ్లు రానిస్తారో లేదో. ఎటు చూసినా దారి కనపడలేదు. గోడ మీది వెలిసిపోయిన అట్టలో పడుచు సెత్సుకో నవ్వుతోంది, ఏ పాటకి నవ్విందో ఎవరికీ గుర్తులేదు.

తమాకి లేచింది.

"వెయ్యను. ఆ ముక్క మళ్లీ పాడతాను. ఊపిరి తీసినా, తియ్యకపోయినా, అది నాదై ఉండాలి. వాళ్లు కాదంటే పోనీ."

"పిచ్చిదానా..."

"పిచ్చిదాన్నే. చిల్లరుంటే ఇవ్వు, అమ్మకి ఫోన్ చేసి ముద్ర వెయ్యొద్దని చెప్పాలి."

సెత్సుకో కుళాయి కట్టకుండానే తడి చేత్తో నాలుగు నాణేలు తీసి కౌంటరు మీద పెట్టింది. కౌంటరు చివర గులాబీరంగు ఫోను ఉంది. తమాకి నాణేలు వేసి ఇంటి నంబరు తిప్పింది.

"ఎవరూ?"

తల్లి గొంతు ఫోన్లోంచి దూకి కొట్టంతా నిండింది. ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య పనిచేసిన మనిషి, కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. తనకి వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదని ఆమె లెక్క. గెంజో తాత పేపరుతో సహా ఒక స్టూలు అవతలికి జరిగాడు.

"అమ్మా, నేను."

"తమానా! ఎక్కడే? వానలో తిరుగుతున్నావా? దగ్గు తగ్గిందా?"

"తగ్గింది. అమ్మా, విను. కంపెనీ కాగితం ఒకటి వచ్చింది కదా. దానిమీద ముద్ర..."

"వేసేశాను."

తమాకి ఫోను రెండో చెవికి మార్చింది.

అమ్మ సంగతి తెలియంది కాదు. ముద్ర గుమ్మం దగ్గరి చెప్పుల అర మీద, మూత లేని డబ్బాలో ఉంటుంది. పోస్టతను వచ్చినా, గ్యాసతను వచ్చినా ముందు ముద్ర కొట్టి తర్వాత ఏమిటని అడుగుతుంది. ఒకసారి పక్కింటికి వచ్చిన పుచ్చకాయల పెట్టెకీ కొట్టింది. రెండు కాయలు తిన్నాక గానీ తెలియలేదు. ముద్ర పడితే పడినట్టే, ఏ చెయ్యి వేసిందని ఎవరూ అడగరు.

"పార్సిల్ అనుకున్నావా అమ్మా!" తమాకికి ఏడుపొచ్చేసింది. "ఎంత పని చేశావ్! నేను వద్దని చెప్పడానికే..."

"పార్సిలేమిటి, నేనేమైనా పిచ్చిదాన్నా? వినే వేశాను!"

"ఏం విన్నావ్?"

"నిన్న మధ్యాహ్నం ఆ టోక్యో ఆయనే వచ్చాడు. గుమ్మంలో నడుం వంచి దణ్ణం పెట్టాడు, మిఠాయి ఇచ్చాడు, వాళ్లు పంపిన కాగితం మీద ముద్ర అడిగాడు. ముందు మా పిల్ల పాట వినిపించమన్నాను. రికార్డు తెచ్చాడు, నాన్న పాత పెట్టెలో వేశాడు. మంచి చెవి దానికి ఆనించి కూర్చున్నాను. ఏమనుకోకు తల్లీ, మొదటి మూడూ మెట్ల మీంచి గిన్నెలు దొర్లినట్టే ఉన్నాయి."

"అమ్మా..."

"నాలుగోదాంట్లో ఊపిరి వినపడింది."

తమాకి ఫోను గట్టిగా పట్టుకుంది. కుళాయి చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించలేదు.

"మాట మధ్యలో తీసే ఊపిరే అది! మగ్గాల దగ్గర పాడేటప్పుడు మామూలుగా తీస్తే పాట తెగిపోతుందే. దారం మోసే నాడె ఆ చివర తగిలి ఇటు తిరిగే లోపల ఒక్క రవ్వంత సందు దొరుకుతుంది. ఆ సందులో లాగాలి. మాట సగంలో ఉన్నా సరే లాగాలి. మూడో షెడ్డులో అలా పాడేవాళ్లం ఇద్దరమే. ఒకతెని నేను. రెండోదానికి నేనే నేర్పాను, పక్క మగ్గం దగ్గర నిలబెట్టి, పెదాలతో చెప్పి."

"రెండోది ఎవరమ్మా?"

టైము గడిచి, ఫోన్లో ఒక నాణెం లోపలికి పడిన చప్పుడైంది.

"ఫుమి."

ఆ పేరు తమాకికి తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ల ఫొటోలుండే పూజ అరలో, ఫొటో లేని చిన్న చెక్క పలక ఒకటుంది. దానిమీద ఉన్నది ఆ పేరే. ఏటా సెప్టెంబరులో అమ్మ దాని ముందు అగరొత్తి వెలిగించి, ఆ రోజు ఎవరితోనూ మాట్లాడదు. క్యుషు దీవి నుంచి పదిహేనేళ్లకే మిల్లు పనికని రైలెక్కి వచ్చిన పిల్ల అనీ, తమాకి పుట్టడానికి రెండేళ్ల ముందు వచ్చిన పెద్ద తుఫానులో పోయిందనీ మాత్రం తెలుసు.

"పోయింది కదమ్మా ఆవిడ."

"పోయిందనే అనుకున్నాం. ఎవరు చూశారు?" మొదటిసారి తల్లి గొంతు కాస్త తగ్గింది. "ఆ రోజు నేనే పంపాను తమా. ఇంతవరకూ మీ నాన్నకి కూడా చెప్పలేదు. ఆరేసిన తువ్వాళ్లు తడిసిపోతున్నాయే, పరిగెత్తుకెళ్లి తీసుకురా అని నేనే పంపాను. ఇంతలో సముద్రం గట్టు తెగింది. తువ్వాళ్లు మర్నాడు దొరికాయి, అది దొరకలేదు. ఇరవై నాలుగేళ్లుగా దొరకలేదు."

తమాకి మెల్లిగా వెనక్కి తిరిగింది.

సెత్సుకో సింకు దగ్గర నిలబడి ఉంది. చేతులనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఇంతసేపూ ఇక్కడే ఉంది. అమ్మ మాటలు గెంజో తాతకే వినపడుతుంటే ఆమెకి వినపడకుండా ఎలా ఉంటాయి? ఈమె... ఈ కొట్టు మనిషా? క్యుషునుంచి వచ్చిన ఆ పిల్లా? నేనెవరి కూతురినో ఈమెకి ముందే తెలుసా? క్లబ్బుకి వచ్చింది పాట వినడానికా, నన్ను చూడటానికా? తమాకి బుర్రలో ఒక ప్రశ్నకి ఇంకోటి అడ్డం పడి, ఏదీ ముందుకి కదల్లేదు.

"ఆ ఊపిరి ఎవరిదని టోక్యో ఆయన్ని అడిగాను," తల్లి గొంతు మళ్లీ లేచింది. "మీ అమ్మాయిదేనండీ అన్నాడు. నా పిల్ల ఊపిరి నాకు తెలీదా! నీది కాదని తెలిసే ముద్ర వేసి ఆయన చేతికిచ్చాను తమా. నామీద కోపం తెచ్చుకో, తిట్టుకో, నాకు ఫరవాలేదు. ఆ పాట ఊరూరా వినపడాలి. అది ఎక్కడున్నా విని ఒక ఉత్తరం ముక్క రాస్తుందని వేశాను. నువ్వు అక్కడే ఉన్నావుగా, పాడించినవాళ్లతో. నీకు తెలిసే ఉంటుంది. చెప్పు. అది బతికే ఉందా?"

ఇంకో నాణెం పడింది. అది ఆఖరిది.

సెత్సుకో తమాకి కళ్లలోకి సూటిగా చూసింది. పెదాలు కదిపింది. గొంతు రాలేదు, గాలి కూడా రాలేదు. మిల్లు షెడ్డులో మగ్గానికీ మగ్గానికీ మధ్య ఆడవాళ్లు మాట్లాడుకునే మాట అది. తమాకి పుట్టినప్పటినుంచీ అన్నం దగ్గర చదువుకున్న మాట. ఒక్క అక్షరం కూడా పొల్లుపోలేదు.

'చచ్చిపోయిందని చెప్పు.'

గెంజో తాత పేపరు తిప్పాడు. టైము అయిపోతోందని ఫోను కీచుమంది.

"తమా? ఉన్నావా? ఏమీ వినపడటం లేదే," అంది తల్లి. "గట్టిగా చెప్పు!"